పాత ఫ్లాపీ తెండి, కొత్తది పట్టకపోండి

నీలవేణి అనే మనిషి లేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. పత్రికలకు కథలు పంపడానికి నాకు నేను పెట్టుకున్న పేరు అది, కె. నీలవేణి. కథలన్నీ తిరిగొచ్చాయి. పేరు మాత్రం మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టూ నాకంటే ఎక్కువ తిరిగింది.

1986 జూన్‌లో మదనపల్లెలో ప్రోగ్రామర్‌గా చేరాను. నా పైన సీనియర్ ప్రోగ్రామర్ లేడు, నా కింద జూనియర్ లేడు. కింద ఉన్నది స్టీలు పాత్రల అంగడి. యజమాని నారాయణప్ప గారు బెంగళూరు బంధువు మాట విని రెండు కంప్యూటర్లు కొని మేడ మీద పెట్టారు. వాటితో ఏం చేయాలో బంధువు చెప్పలేదు. డిగ్రీలో లెక్కలు చదివి, బెంగళూరులో ఆరు నెలల కోర్సు చేసి వచ్చిన నేను ఆ ప్రశ్నకు జవాబుగా నియమితురాలినయ్యాను.

ఆ రోజుల్లో ప్రోగ్రాం రాసేవాళ్లకు పెద్ద విసుగు, తెరను తీర్చడం. బిల్లు తెర మీద ‘పేరు’ అనే ఒక్క మాట కనబడాలంటే అది ఎన్నో వరుసలో, ఎన్నో గడిలో రావాలో లెక్కపెట్టి దానికొక లైను రాయాలి. అలా ఒక్కో మాటకూ ఒక్కో లైను. నేను రాసిన పనిముట్టులో బాణం మీటలతో మాటలను తెర మీద కావలసిన చోట పెట్టుకుంటే చాలు, ఆ లైన్లన్నీ అదే రాసిపెట్టేది. దానికి ‘మూస’ అని పేరు పెట్టాం. ధర ఆరు వందలు. మొదటి ఏడాదిలో ఏడు కాపీలు అమ్ముడయ్యాయి.

ప్రతి కాపీలోనూ కొన్నవాళ్ల పేరు నేనే ప్రోగ్రాం లోపల పెట్టేదాన్ని. తర్వాత దాన్ని బయటివాళ్లు మార్చలేరు. మూస తెరవగానే ‘ఈ కాపీ ఫలానా వారిది’ అని ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చేది. ఈ ఆలోచన నారాయణప్ప గారిది. అంగట్లో గిన్నె కొన్నవాళ్లకు పేరు చెక్కి ఇవ్వడం ఆనవాయితీ, ఆరు వందలు పెట్టి ఫ్లాపీ కొన్నవాళ్లకు చెక్కకపోతే ఎట్లా అన్నారు.

ఎనిమిదో కాపీ సంగతి అమ్మకాల పుస్తకంలో లేదు. మిషన్ స్కూల్లో నాకు లెక్కలు చెప్పిన గ్రేస్ మేరీ టీచర్ రిటైరయ్యాక కుప్పంలో తమ్ముడి టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ క్లాసులు మొదలుపెట్టారు. ఒకరోజు మేడ ఎక్కి వచ్చి, “ఒగ కాపీ ఇయ్యి పాపా, పిల్లోళ్లకు సూపించి తిరిగిచ్చేస్తా” అన్నారు. ఆమెకు కాదని చెప్పే ధైర్యం నాకు ఎనిమిదో తరగతిలో లేదు, అప్పుడూ రాలేదు. పేరు గడి ఖాళీగా వదిలితే మూస తెరుచుకోదు. టీచర్ పేరు పెడితే, ఎప్పుడైనా బయటపడితే మాట ఆమె మీదికొస్తుంది. అందుకని ఎవరి మీదికీ రాని పేరు పెట్టాను.

1987లో రెండో మూస తయారైంది. మొదటిది తెరలే రాసేది, ఇది ప్రింటరు మీద వచ్చే బిల్లులను కూడా రాస్తుంది. నారాయణప్ప గారు నన్ను కిందికి పిలిచి షరతు చెప్పారు.

“అమ్మణ్ణీ, కుక్కర్లు పెట్టను ఈడ తావు సాలలేదు. కొత్త మూస పది పోయిందా, నీ మేడ జోలికి రాను. పోలేదా, కంప్యూటర్లు అమ్మేసి పైన కుక్కర్లు పెడతా. నువ్వు కిందికొచ్చి గిరాకీలను సూసుకుందువులే.”

ఉద్యోగం పోతుందంటే అంత భయపడేదాన్ని కాదు. రోజంతా కౌంటరు దగ్గర నిలబడి కొత్తవాళ్లతో మాట్లాడాలి! ఆనాటి నా డైరీలో ‘కుక్కర్లు’ అన్న మాట కింద మూడు గీతలున్నాయి.

అప్‌గ్రేడ్ అంటే పాత సరుకు కొన్నవాళ్లకు కొత్తదాన్ని తక్కువకు ఇవ్వడం. దాని ధర కట్టడంలో చిక్కేమిటంటే, ఎక్కువ పెడితే పాతవాళ్లు పాతదానితోనే సరిపెట్టుకుంటారు, తక్కువ పెడితే పడ్డ శ్రమకు విలువుండదు. నేను ఒక కాగితం తయారుచేశాను. కొత్తవాళ్లకు తొమ్మిది వందలు, పాతవాళ్లకు మూడు వందల యాభై. పాతవాళ్లమని రుజువుకు బిల్లు తేవాలి, లేదా మొదటి ఫ్లాపీతో ఇచ్చిన కార్డును నింపి పంపి ఉండాలి.

కాగితం చూసి నారాయణప్ప గారు, కార్డులు ఎన్ని వచ్చాయని అడిగారు. రెండు వచ్చాయి. ఒకదాని మీద, మూడు లీటర్ల కుక్కరుకు రబ్బరు ఉందా అని రాసి ఉంది, ఎందుకంటే కార్డు వెనక పాత్రల అంగడి ముద్ర ఉండేది.

“బిల్లులు ఎవురు దాసిపెట్టుకుంటారమ్మా? పాత గిన్నె తెమ్మను, తెస్తారు. పాత ప్లాపీ తెచ్చినోళ్లకు మూడు నూర్ల యాభై. అంతే.”

గిన్నె ఇచ్చేస్తే ఇంట్లో గిన్నె ఉండదు. ఫ్లాపీ అలా కాదు. ఒకటి పది చేసుకుని, పదీ తేవచ్చు. ఈ అభ్యంతరాన్ని ఆ రోజు డైరీలో ఒకటిన్నర పేజీ రాశాను, నంబర్లు వేసి. ఆయనకు మాత్రం చెప్పలేదు.

కరపత్రాలు వేయించారు. ‘పాత ఫ్లాపీ తెండి, కొత్తది పట్టకపోండి.’ ప్రెస్సులో ఫ్లాపీ బొమ్మ లేదు. మా అంగడికి ఎప్పుడూ వేసే కుక్కరు బొమ్మే వేశారు. మర్నాడే పెద్దపంజాణి నుంచి ఒకామె చిల్లుపడిన అల్యూమినియం దబర పట్టుకుని మేడ ఎక్కి వచ్చింది. నేను అరగంట వివరించాను. అంతా విని, “అవన్నీ నాకెందుకు పాపా, దీనికి ఎంతిస్తావో సెప్పు” అంది. కిందికి పంపాను.

మదనపల్లెలో కొన్న ముగ్గురూ వారంలో వచ్చి మార్చుకున్నారు. మిగతా నలుగురిలో ఇద్దరిది పుంగనూరు, ఇద్దరిది కుప్పం. మనమే వెళ్దామన్నారు నారాయణప్ప గారు. తెచ్చిన ఫ్లాపీని తెరిచి చూడాలి కాబట్టి కంప్యూటరునూ తీసుకెళ్లాలి. పాత్రల వ్యానులో, కుక్కర్ల పెట్టెల మధ్య, బొంతలో చుట్టి తీసుకెళ్లాం.

పుంగనూరులో సంత రోజున ఆయన బావమరిది అంగట్లో బల్ల వేసుకుని కూర్చున్నాం. మొదట వచ్చినవాడు నూనె మిల్లుకు ప్రోగ్రాంలు రాసే సుబ్బరాయుడు. మా గిరాకీలందరిలో బిల్లు దాచిపెట్టుకున్నది ఆయనొక్కడే. బిల్లును, ఫ్లాపీని కలిపి పంచింగు మిషనుతో తూట్లు పొడిచి ఫైలులో పెట్టుకున్నాడు. ఫ్లాపీ పలకలేదు. బిల్లు చూసి కొత్తది ఇచ్చాం. కొన్న రెండో ఆయన రానేలేదు. ఆయనకు బదులు ఒక మీసాలాయన వచ్చాడు. ఫ్లాపీ పెట్టగానే తెర మీద ‘ఈ కాపీ కె. నీలవేణి వారిది’ అని వచ్చింది.

నేను ఫ్లాపీ బయటికి లాగబోయేలోపే ఆయన చదివేశారు.

“ఎవురప్పా ఈ నీలవేణి?” అన్నారు నారాయణప్ప గారు.

“మా ఇంట్లో ఆమె, సార్.”

మూడు వందల యాభై తీసుకుని, ఆ పేరుతోనే కొత్తది చేసి ఇచ్చాను. పావుగంటకు ఇంకొకాయన వచ్చాడు. తెర మీద మళ్లీ నీలవేణి. ఆమె తన వదిన అన్నాడు. ఆ వెనకే మూడో ఆయన, నీలవేణి తన భార్యేనన్నాడు.

“ఇప్పుడే ఒగాయన ఆమె మొగుణ్నని సెప్పి పోయినాడే!”

“పేరొకటే సార్, మనుషులు వేరే.”

“ఇంటిపేరు గూడా ‘కె’ నేనా?”

“అది పెండ్లికి ముందరిది సార్.”

నారాయణప్ప గారు ఆ ఇద్దరికీ ధర మళ్లీ కట్టాలని చెప్పి, వచ్చే ఆదివారం కుప్పం రమ్మన్నారు. ఆ ఆదివారం వ్యాను వెంకటగిరికోట దాటాక ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టారు. “ఇద్దురు మొగుళ్లు, ఒగ మరిది. మన పుస్తకంలో ఆమె పేరే లేదు. యాడనుంచి వచ్చిందంటావు అమ్మణ్ణీ?”

చూడాలి సార్ అన్నాను. కంప్యూటరు నా ఒళ్లో ఉంది కాబట్టి ముఖం దాని వెనక పెట్టుకోవడం సులువైంది.

కుప్పం ఇన్‌స్టిట్యూట్‌లో ఎనిమిది మంది కాచుకుని ఉన్నారు. అక్కడ కొన్న ఇద్దరికీ ముందు ఇచ్చేశాం. మిగతా ఆరుగురివీ నీలవేణి ఫ్లాపీలే. పుంగనూరు మరిదీ, రెండో భర్తా వారిలో ఉన్నారు. కొత్తగా వచ్చిన ఒకాయన ఆమె తన భార్య అన్నాడు. ఇంకొకాయన మేనత్త అన్నాడు. ఒక్కడు మాత్రం ఏ చుట్టరికమూ కలపకుండా, “నేనే సార్” అన్నాడు.

వరసలో చివర గ్రేస్ మేరీ టీచర్ ఉన్నారు. ఆమె చేతిలో ఫ్లాపీ చేతిరుమాలులో చుట్టి ఉంది. వరసలో ముందున్నవాళ్లలా ఆమె అబద్ధం చెప్పరని నాకు తెలుసు. జీవితంలో మొదటిసారి, ఆమె అబద్ధం చెబితే బాగుండునని కోరుకున్నాను.

“ఈ నీలవేణి ఎవరో నాకు తెలీదప్పా. తప్పు నాది. పిల్లోళ్లు అడిగితే కాదనలేక కాపీ తీసుకోమన్నా. ఇది నాకు ఇచ్చింది…”

నా చేయి మీటల మీద పడిపోయింది. తెర మీద వరసగా ‘క’కు వాడే ఇంగ్లీషు అక్షరం నిండిపోయింది. నారాయణప్ప గారు చేయెత్తి టీచర్‌ని ఆపారు.

“గమ్మునుండండి తల్లీ. ముప్పై యేండ్లుగా పాత గిన్నెలు తీసుకుంటాండా. గిన్నె మింద ఎవురి పేరుండాదని ఏ పొద్దూ అడగలా. అడిగింటే అంగడి ఎప్పుడో మూసుకోని పోయుండాల.” తర్వాత వరసకేసి తిరిగారు. “ఇనండప్పా. మా కడ కొని, మీ పేరే ఉండేదానికి మూడు నూర్ల యాభై. పరాయి పేరుండేదానికి అయిదు నూర్ల యాభై. వొట్టి చేతుల్తో వస్తే తొమ్మిది నూర్లు. ఎవురు తీసుకున్నా, కొత్తదాని మింద మీ సొంత పేరు సెక్కిచ్చి ఇస్తాము.”

నేనే నీలవేణి అన్నవాడు ముందుకొచ్చాడు.

“ఇనీషియలు గూడా పడతాదా సార్?”

“పడతాది.”

“బియ్యే?”

“అదీ పడతాది. మీ ఊరి పేరు గూడా కావాల్నా?”

కావాలన్నాడు. తర్వాత అందరికీ కావాల్సి వచ్చింది. ఒక్కొక్కరి పేరూ అడిగి, స్పెల్లింగు అడిగి, మళ్లీ చదివి వినిపించి, ఆ మధ్యాహ్నమంతా నేను ఆరుగురు కొత్తవాళ్లతో మాట్లాడాను. ఆరో ఆవిడ టీచరే, కానీ ఆమె కూడా డిగ్రీలన్నీ వరసగా చెప్పారు. డబ్బు ఇస్తూ, ఆ ఫ్లాపీ ఎవరిచ్చారన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

వ్యానులో లెక్క చూస్తే సొంత పేరువి ఆరు, పరాయి పేరువి ఆరు. నీలవేణి పేరుతోనే వెళ్లింది పుంగనూరు మీసాలాయనది. మొత్తం పదమూడు. ఆ పదమూడోదాని కథ ఇంకా ముగియలేదు. రెండు వారాలకు ఆయన మదనపల్లె వచ్చి, కొత్త ఫ్లాపీ బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి, “దీని మింద పేరు మార్సాల సార్. మా ఇంట్లో ఆమె చూసింది” అన్నాడు. ఆమె అసలు పేరు లక్ష్మీదేవమ్మట. నారాయణప్ప గారు మిగతా రెండు వందలు తీసుకుని నన్ను పేరు మార్చమన్నారు. నవ్వలేదు. ఆయన మెట్లు దిగేదాకా నవ్వలేదు.

మేడ నిలిచింది. కుక్కర్లు మెట్ల మీదికి చేరాయి. ఇంకో రెండేళ్లు వాటి మధ్య కాలు పెట్టుకుంటూ పైకి ఎక్కాను.

తర్వాత బెంగళూరులో పెద్ద సంస్థల్లో ఇలాంటి పనిముట్లకు చాలాసార్లు ధర కట్టాను. మూడు ధరల పద్ధతి అక్కడా ఉండేది, దానికి పొడవాటి ఇంగ్లీషు పేర్లుండేవి. పుంగనూరు, కుప్పం నాకు నేర్పినవి రెండు. డబ్బివ్వకుండా వాడుకుంటున్నవాణ్ని దొంగ అంటే వెళ్లిపోతాడు. వాడు తలదించుకోకుండా కట్టగలిగే ధర ఒకటి చెబితే కొంటాడు. ఇక రెండోది, ధర తప్పని తెలిసినవాళ్లు ఆ మాట ధర కట్టేవాడికి చెప్పాలి. డైరీకి చెబితే కరపత్రం మారదు.

1989లో ఆ ఉద్యోగం మానేసిన రోజు నారాయణప్ప గారు కౌంటరు కింద నుంచి ఒక కాగితం పొట్లం తీసి ఇచ్చారు. విప్పి చూస్తే స్టీలు క్యారియరు. మూత మీద చుక్కల అక్షరాలతో పేరు చెక్కించి ఉంది, కె. నీలవేణి. పేర్లు లోపల పెట్టేది నేనొక్కదాన్నే అయినప్పుడు ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుందన్నది నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. క్యారియరు గిన్నెలు లెక్కపెట్టాను. ఆ తర్వాత ఆయన్ను నేను చూడలేదు, కాబట్టి నాతో ఆయన అన్న ఆఖరి మాట ఇదే:

“నాలుగు గిన్నెలు పెట్టిచ్చినా అమ్మణ్ణీ. నీలవేణికొగటి, ఆమె మొగుళ్లు ముగ్గురికీ మూడు.”