చింతగింజంత మచ్చ

కొత్తకోట దాటగానే మావాడు కారు ఆపే హోటల్లో ఈమధ్య సీతాఫలం ఐస్‌క్రీం కూడా పెట్టారు. గింజ ఉండదు, తొక్క ఉండదు, చేతికి జిగురు అంటదు. అయినా డబ్బా మూత తీయగానే వచ్చే వాసన మాత్రం అదే, దసరా దాటాక మా ఇంట్లో గడ్డి పరిచి మాగేసిన గంపల నుంచి తెల్లవారుజామున వచ్చే తియ్యటి, కొంచెం పులిసిన వాసన. పిల్లలు దాన్ని తింటుంటే నేను చాయ తెప్పించుకుంటాను. చాయ పింగాణి కప్పులో వస్తే, తాగే ముందు కప్పును పైకెత్తి అడుగు చూస్తాను. మా కోడలికి ఇది నచ్చదు. "ఏం చూస్తరు అత్తమ్మా, కడిగే తెచ్చిండు గదా" అని విసుక్కుంటుంది. ముసలిదానికి శుభ్రం పిచ్చి పట్టిందని అనుకుంటుంది. అనుకోనీ.

మా పేట పాలమూరు స్టేషను పట్టాలకు అవతల ఉండేది. ఊరు ఇవతల, మేం అవతల. నిజాం జమానా చివరి రోజులు. రైలు వచ్చాక స్టేషను రోడ్డు పొడవునా తినేవీ తాగేవీ వెలిశాయి, ఎక్కడ ఏది ఎట్లా తినాలో పేటలో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. తాటివనంలో కల్లు అందరికీ ఉండేది. గౌడు లొట్టి వంచి పైనుంచి పోస్తే తాటి రేకలో పట్టుకుని తాగాలి. పటేలుకూ రేకే, మా బాపుకూ రేకే. తాగాక రేక పారేస్తారు కనుక ఎవరి మైలా ఎవరికీ అంటేది కాదు, కూచునే చెట్లు మాత్రం వేరు. సాయిబు బండి మీద బొగ్గుల్లో కాలే కబాబుల వాసనకు మేం చిర్రగోనె ఆట మధ్యలో వదిలేసి పరిగెత్తేవాళ్లం. ఆయన మాకూ పెట్టేవాడు, కాకపోతే బండికి వెనకవైపు, మోదుగాకులో. పీర్ల పండుగకు బెల్లం షర్బతు మట్టి పిడతల్లో ఇచ్చేవాళ్లు, తాగి నేలకేసి కొడితే టప్పున పగిలేది, ఆ చప్పుడు కోసమే మేం రెండోసారి వరసలో నిలబడేవాళ్లం. స్టేషనులో హిందువుల నీళ్లు ఒక చోట, ముసల్మానుల నీళ్లు ఒక చోట ఉండేవి. మేం ఏ నీళ్లవాళ్లమో రైలువాళ్లు తేల్చలేదు. ఎండాకాలం ఎవరో ఒకరు దయతలిచి దోసిట్లో పోసేవాళ్లు, మోచేతుల మీదుగా సగం నేల పాలయ్యేది.

మా అవ్వ, అంటే బాపు తల్లి, ఆ రోడ్డు మీదే గంప పెట్టుకునేది. పాద్రిగారు ఆమెకు బాప్తిస్మంలో ఏదో పొడుగాటి పేరు పెట్టారు, అది చర్చి గోడలు దాటి బయటికి రాలేదు. బయట ఆమె ఉత్త ఎల్లి. తొక్క ఉన్నదే అమ్మాలి అన్నది అవ్వ వ్యాపారం. సీతాఫలాలు, అవి అయిపోతే వేయించిన పల్లికాయ, ఎండాకాలం ముంజలు, చింతకాయ. వండినది అమ్మితే మా చేతి తిండి అవుతుంది, ఎవరూ ముట్టరు. తొక్క ఉంటే లోపలిదానికి మైల లేదు. గడియారం గొలుసు వేలాడే వకీలు కూడా అవ్వ ముందు వంగి, కాయలు ఒత్తి చూసి, కళ్లు విచ్చుకున్నవి ఏరుకుని తీసుకుపోయేవాడు. అవ్వ చెయ్యి తమ చేతికి తగలకుండా గంపలోంచి కాయలు ఎట్లా ఏరాలో వాళ్లకు బాగా అలవాటు.

గంపకు ఎదురుగానే శివప్ప చాయ హోటలు. రాయచూరు వైపునుంచి వచ్చి, రేకుల కప్పు వేసి, లోపల బల్లలు, బయట అరుగు కట్టించాడు. చాయ రేకలో తాగేది కాదు, కాలుతుంది. అందుకని లోపలివాళ్లకు తెల్ల పింగాణి కప్పులు, మాకు చూరు. పేటలో చాయ తాగే ప్రతివాడూ తన కొబ్బరి చిప్పో, తుప్పుపట్టిన రేకు డబ్బానో ఆ చూరులో చెక్కి ఉంచాలి, వచ్చినప్పుడు తీసుకుని దుమ్ము ఊది పట్టాలి, పైనుంచి పోస్తే తాగాలి, తనే కడిగి మళ్లీ చెక్కాలి. వానాకాలం చిప్పల్లో నీళ్లు నిండేవి, ఎండాకాలం సాలీళ్లు గూళ్లు కట్టేవి. అవ్వకు చాయంటే ప్రాణం. పొద్దంతా ఆ ఏలకుల వాసన ముక్కుకు తగులుతుంటే, సందు దొరికినప్పుడు ఒక్క చిప్పెడు తాగి, కళ్లు మూసుకుని కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఆమెకు ఒక కప్పు ఉండేది. దవాఖానలో పక్కబట్టలు ఉతికిన రోజుల్లో, అక్కడి దొరసాని తన దేశం పోతూ ఇచ్చింది. తెల్ల పింగాణి, సన్నని చెవి, అడుగున మాత్రం చింతగింజంత గోధుమరంగు మచ్చ. కాల్చినప్పుడే పడిందట. ఊళ్లో పింగాణి అమ్మే దుకాణం ఒకటే కనుక శివప్ప కప్పులూ అచ్చం అట్లాంటివే, మచ్చ ఒక్కటే తేడా. అవ్వ దాన్ని గూట్లో యేసుబొమ్మ పక్కన బోర్లించి ఉంచేది. క్రిస్మసు నాడు నాకు దాంట్లో బెల్లం పాలు పోసి, నేను తాగినంతసేపూ కింద చెయ్యి పట్టి కూచునేది. మా ఇంట్లో వెండి లేదు, బంగారం లేదు, ఆ కప్పు ఉంది.

ఆ ఏడు సీతాఫలాల రోజుల్లో చూరులోని అవ్వ చిప్ప పగిలింది. ఎవరి ఏనం, అంటే తాగే గిన్నె, వాళ్లు తెచ్చుకోవాలన్నదే కదా కట్టడి, అవ్వ తన కప్పు తెచ్చుకుంది. బయటే నిలబడింది, పైనుంచే పోయించుకుంది, తాగి తనే కడిగింది. కొత్తగా వచ్చిన శివప్ప బామ్మర్ది బసప్ప ఆ కప్పును సరిగా చూడకుండానే పోసివెళ్లాడు. కడిగిన కప్పును అవ్వ గంప పక్కన అరుగు చివర బోర్లించింది. అంతలో రైలు కూత వినిపించింది. రైలు నిలిచే కాస్తసేపే మాకు పెద్ద బేరం. గంప ఒక వైపు అవ్వ, ఒక వైపు నేను పట్టుకుని కంచె దగ్గరికి ఉరికాం.

తిరిగి వచ్చేసరికి అరుగు మీద కప్పు లేదు.

అవ్వ అరుగు కింద వెతికింది, కాలువలో వెతికింది, నా ఓణీ కూడా దులిపించింది. ఆ తర్వాత ఆమె చేసిన పొరపాటు మా పేటవాళ్లు తప్ప ఎవరూ చెయ్యలేరు. గుమ్మం ముందు నేల మీద గొంతుకూచుని, లోపలికి వినబడేట్టు అడిగింది.

"అయ్యా శివప్పా, నా కప్పు మతిలేక లోపటికి గిన వచ్చిందా, జర సూడుండ్రి."

లోపల పెద్ద పటేలు ఉన్నాడు, ఆయన వెంట వచ్చిన నలుగురైదుగురు కాపులున్నారు, వకీలు ఉన్నాడు. ఒక్కొక్కరూ తన చేతిలోని కప్పును పామును పట్టుకున్నట్టు చూసుకున్నారు. ఒకాయన మింగాలా ఉమ్మాలా తెలియక బుగ్గలు పూరించుకుని అట్లాగే కూచున్నాడు. ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది, అప్పుడు మాత్రం నేను అవ్వ కొంగు పట్టుకుని పక్కనే కూచుండిపోయాను.

శివప్ప బామ్మర్దిని గల్లా పట్టుకున్నాడు. "అరుగు మీదికెల్లి కప్పు తెచ్చినవా?" బసప్ప ముఖం సున్నం కొట్టినట్టయింది. "లేదు బావా, ఒట్టు" అన్నాడు. తెచ్చాడని అవ్వకు తెలుసు, నాకు తెలుసు, వాడి ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఎవరో తాగిపెట్టిపోయిన హోటలు కప్పే అనుకుని తీసుకువెళ్లి తొట్టిలో ముంచి ఉంటాడు.

శివప్ప కప్పులన్నీ గుమ్మం దాకా తెచ్చి పైకెత్తి ఒక్కొక్కటే చూపించాడు. అవ్వ తల అడ్డంగా ఊపుతూ పోయింది. చివరికి పెద్ద పటేలే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, చేతిలో సగం తాగిన కప్పు.

"ఏందే ఎల్లీ, గుర్తుపడుతవా లేదా?" అంటూనే, అలవాటుకొద్దీ కప్పెత్తి గుటక వేశాడు.

నేల మీద కూచున్నాం కనుక ఆ కప్పు అడుగు మాకు నేరుగా కనిపించింది. చింతగింజంత మచ్చ. అవ్వ చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది. ఆమె కళ్లు ఆ కప్పు మీదే ఉన్నాయి. అడిగితే కప్పు వస్తుందో రాదో, ప్రాణం మాత్రం ఉండదని నాకే అర్థమైంది. అయినా గూట్లో యేసుబొమ్మ పక్కన ఖాళీగా ఉండబోయే జాగా గుర్తుకొచ్చి నాకు ఏడుపు వచ్చింది.

"బాంచెన్ దొరా, గిండ్ల నాది లేదు. ఎవ్వలో పోరగాండ్లు ఎత్తుకపోయినట్టున్నరు" అంది అవ్వ.

లోపల బుగ్గలు పూరించుకున్నాయన మింగేశాడు. పటేలు మిగిలిన చాయ కూడా తాగి, కప్పు బసప్ప చేతికిచ్చి, అంతమంది నోటికాడి చాయను ఆపినందుకు అవ్వను వంగమన్నాడు. వీపు మీద ఉప్పరిరాయి, మోయలేనంత బండ, పెట్టించాడు. రోడ్డు పక్కన, ఎండలో, కాలి బొటనవేళ్లు పట్టుకుని అవ్వ వంగి ఉంది. బేరం ఆగకూడదని నన్ను గంప దగ్గర కూచోబెట్టారు. పటేలు ఒక పండు ఏరుకుని విప్పాడు. గింజలు ఒక్కొక్కటే అవ్వ తల ముందు మట్టిలో ఉమ్ముతూ తీరిగ్గా తిన్నాడు. "తియ్యగున్నయే" అని ఇంటికి ఇంకొన్ని ఏరించుకున్నాడు. తొక్క ఉంది కదా, మైల లేదు. వాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు, చచ్చేలోపు క్షమించే ఉద్దేశం కూడా లేదు.

పొద్దువాలాక బాపు రైలు పట్టాల పని నుంచి వచ్చి, అవ్వను మోసినట్టే ఇంటికి తెచ్చాడు. అమ్మ ఇటుక కాల్చి నడుముకు కాపడం పెడుతుంటే బాపు కోపం పట్టలేకపోయాడు. "కప్పు కోసం ఆళ్ల గుమ్మం ముందల నోరు తెరుస్తవా? నీకు మతి ఉందా?"

అవ్వ తలుపు మూయమంది. మూశాక, బోర్లా పడుకునే, నవ్వడం మొదలుపెట్టింది. ముందు మూలుగు అనుకున్నాం. నడుము నొప్పికి మధ్యలో ఆగి, అబ్బా అని, మళ్లీ నవ్వింది.

"పటేలు తాగింది నా కప్పుల్నేరా. పొద్దుగాల్ల నేను మూతి పెట్టిన కప్పు. సెప్తే ఏమయితుండె? నన్ను సంపుతుండె, ఆవు ఉచ్చ తాగి సుద్ధి అయితుండె. సెప్పలే. గట్లనే ఇంట్లకు పోయిండు, గట్లనే దేవుని అర్రలకు పోతడు."

బాపు కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు, ఇటుక మార్చడానికి లేచింది. అప్పుడే మా పేటకు కూడా అవతల, గుంటగట్టు గుడిసెల్లో ఉండే మల్లి నీళ్లకోసం వచ్చి వాకిట్లో నిలబడింది. వాళ్లను మేం మాకంటే కింద అనుకునేవాళ్లం, వాళ్ల ముంతకు మా కుండ తగలనిచ్చేవాళ్లం కాదు. అవ్వ ఆ నడుముతోనే లేచి, గోడ పట్టుకుని వెళ్లి, రోజూకంటే ఇంకాస్త ఎత్తు నుంచి ఆమె ముంతలో నీళ్లు పోసింది. సగం బయట పడ్డాయి. మా అవ్వ నాకు ఎంత ఇష్టమైనా ఈ సంగతి దాచలేను, దాస్తే కప్పు సంగతి కూడా అబద్ధమైపోతుంది.

నడుము కాస్త కుదుటపడ్డాక అవ్వ మళ్లీ గంప ఎత్తుకుంది. చూరులో ఒక రేకు డబ్బా చెక్కింది. కూచునే చోటు మాత్రం మార్చి, గుమ్మానికి మరీ ఎదురుగా, మరీ నేలబారుగా కూచోవడం మొదలుపెట్టింది. లోపలివాళ్లు చాయ తాగడానికి తలలెత్తినప్పుడల్లా కప్పుల అడుగులు మాకు వరసగా కనిపించేవి. మచ్చ కనబడగానే అవ్వ నన్ను మోచేత్తో పొడిచేది. ఒకనాడు వకీలు, ఒకనాడు పటేలు అల్లుడు, ఒకనాడు ఊళ్లో పెళ్లికి ముహూర్తం పెట్టడానికి వచ్చిన పంతులు. సాయంత్రం బాపు రాగానే ఆ రోజు ఎవరు తాగారో చెప్పుకుని, అన్నం తినడం మానేసి మరీ నవ్వేవాళ్లు. అది పిచ్చి సంతోషం అని నాకు పెద్దయ్యాక అనిపించింది. అవతల వాళ్లు అవ్వ కప్పులో వేడివేడిగా తాగుతున్నారు, ఇవతల అవ్వ తుప్పు వాసన వేసే డబ్బాలో తాగుతూ గెలిచానంటోంది. నవ్వు ఆగాక ఆమె కళ్లు గూటివైపు పోయేవి. అక్కడ యేసుబొమ్మ పక్కన దుమ్ములో గుండ్రటి జాడ ఇంకా ఉండేది, దాన్ని ఎవరినీ తుడవనిచ్చేది కాదు.

పోలీసు చర్య వచ్చిన ఏడు శివప్ప హోటలు ఎత్తేశాడు. కప్పులన్నీ గడ్డిలో చుట్టి పెట్టెలో సర్ది రైలెక్కించాడు. అవ్వ కంచె పట్టుకుని నిలబడి, ఆ పెట్టె బోగీలోకి పోయేదాకా చూసింది. నవ్వలేదు. "పిల్లా, అండ్ల నాది ఉంది" అంది, నాకు తెలియనట్టు. తర్వాతి సీతాఫలాలు రాకముందే పోయింది.

ఇప్పుడు పట్టాలకు అవతలా ఇవతలా అంతా మేడలే. తాటివనం ప్లాట్లయింది. మా పేట ఉన్న చోట మూడు బిర్యానీ హోటళ్లున్నాయి, ఎవరైనా ఎక్కడైనా కూచోవచ్చు. చూరు లేదు, దానిలో చెక్కిన చిప్పలు లేవు, అవి ఎందుకుండేవో మావాడి పిల్లలకు చెప్పినా నమ్మరు. అవ్వ గొంతు, ఆ మూసిన తలుపు వెనక నవ్వు కూడా లేవు, ఉన్నదల్లా నేను.

మొన్న కొత్తకోట దగ్గర చిన్న మనవరాలు అడిగింది, "అడుగున ఏం చూస్తవు నానమ్మా? పైనుంచి కనపడదా?" అని.

కనపడదు. నేల మీద కూచున్న రోజుల్లో అందరి కప్పుల అడుగులూ కనిపించేవి, అడగకుండానే. ఇప్పుడు నేనూ బల్ల దగ్గరే కూచుంటున్నాను. ఎత్తి చూసుకోవాలి.