వైపర్లకు కాపడం

నానమ్మకూ ఆవిడ పాత వ్యానుకూ ఒక్కటే తేడా. వ్యాను అప్పుడప్పుడైనా చెప్పిన మాట వింటుంది.

ఎన్నో ఏళ్లుగా ఆవిడ ఆ వ్యానులోనే బడిపిల్లల్ని తీసుకెళ్తోంది. తీరా వానలు మొదలయ్యే వేళకు అద్దం మీది వైపర్లు బిగుసుకుపోయాయి. అంత పాత బండికి కొత్త సామాను దొరకదని మెకానిక్ చేతులెత్తేశాడు.

"రేపటికి ఇవి కదలకపోతే బండి అమ్మేద్దామమ్మా. వానలో దారి కనపడకుండా పిల్లల్ని ఎలా ఎక్కిస్తావు?" అన్నాడు కొడుకు.

నానమ్మ మూతి ముడుచుకుని వైపర్లు ఊడదీసింది. చూస్తే మోటారు బాగానే ఉంది, వైపర్లను తిప్పే ఇరుసులే తుప్పుపట్టి ఉన్నాయి. తాతయ్య పట్టకారుతో ఒక ఇరుసును బలంగా తిప్పబోయాడు.

"ఆగండి! మీ భుజం పట్టేసినప్పుడు నేనలాగే మెలితిప్పానా?"

తాతయ్య చెయ్యి ఠక్కున వెనక్కి వచ్చేసింది.

ఆవిడ వేడినీళ్లలో ముంచిన గుడ్డ ఇరుసులకు చుట్టింది. తర్వాత తుడిచి, నూనె వేసి, అటూ ఇటూ గోరంత కదిపింది. మళ్లీ గుడ్డ, మళ్లీ నూనె. పొద్దు వాలినా విసుగు లేదు.

"నాకు ఇంత ముద్దుగా చేశావా?" అన్నాడు తాతయ్య.

"మీరు వీధంతా వినపడేలా అరిచారుగా. ఇది నోరెత్తడం లేదు."

చివరికి ఇరుసులు వేలితో తిప్పితే తిరిగాయి. వైపర్లు బిగించి, దుమ్ముపట్టిన అద్దం మీద నీళ్లు పోసి, నానమ్మ సీట్లో కూర్చుని స్విచ్ నొక్కింది. వైపర్లు మూలుగుతూ లేచి, ఆ మురికి నీళ్లను పక్కనే నిలబడ్డ కొడుకు మీదకు చిమ్మాయి.

అతను ముఖం తుడుచుకున్నాడు. "సరేలే అమ్మా, రేపు వానలో కాస్త నెమ్మదిగా నడుపు."