వాకిళ్లు చూసి గాలి చెప్పిన ముత్యం

1983 ఎండాకాలంలో మెట్‌పల్లి లైను ఒక్కసారి కూడా తెగలేదు. అంతకు ముందు ఏ ఎండాకాలమూ అలా గడవలేదు. ఆ ఘనత సబ్‌స్టేషన్ ఆపరేటర్ ముత్యానిది. ఊరి బడిలో ఏడో తరగతి చదివి, 1969లో స్తంభాలకు గుంతలు తవ్వే కూలీగా చేరాడు. రెండుసార్లు తప్పి మూడోసారి వైర్‌మన్ పరీక్ష గట్టెక్కాడు. మన దిక్కు కూలీల్లోంచి ఆపరేటర్ కుర్చీ ఎక్కిన మొదటి మనిషి అతనే. వరదకు కూలిన స్తంభాలను నడుం లోతు నీళ్లలో నిలబెట్టినందుకు పెద్ద ఇంజనీరు చేత దండ వేయించుకున్నాడు. ఇవన్నీ చెప్పుకోదగినవే. అయితే ముత్యానికి ఒక భయం ఉంది. అది లేకుండా అతని కథ చెబితే సగమే చెప్పినట్టు.

తీగ వేడెక్కితే సాగుతుంది, సాగితే కిందికి జారుతుంది, ఆఖరికి తెగుతుంది. ఎండ దాన్ని పైనుంచి కాలుస్తుంది, అది మోసే కరెంటు, అంటే లోడు, లోపలి నుంచి కాలుస్తుంది. చల్లార్చేది గాలి ఒక్కటే. గాలి వీచే పూట ఏడెనిమిది ఊళ్ల బావుల మోటార్లను సునాయాసంగా మోసే తీగ, గాలి నిలిచిన పూట అందులో సగానికే వంగిపోతుంది. కాబట్టి లోడు వేసే ముందు, రాబోయే గంటలో గాలి ఉంటుందా లేదా అన్నది చెప్పగలగాలి.

సబ్‌స్టేషన్ గుట్ట చాటున ఉంది. అక్కడ నిలబడితే గాలి సంగతి తెలియదు. తీగ అన్నిటికన్నా కిందికి వేలాడేది అవతల, కాలువ కట్ట దగ్గర. ముత్యం కిటికీలోంచి ఆ కట్ట పక్కన ఉన్న ఇళ్ల వరుస కనిపిస్తుంది. ఇంటింటా ఆడవాళ్లు బీడీలు చుడతారు. తునికాకు తడిగా ఉంటేనే చుట్టడానికి వంగుతుంది. గాలి తగిలిందంటే ఆకు ఎండి విరుగుతుంది, చాటలోని తంబాకు కళ్లలో పడుతుంది. అందుకని గాలి లేనప్పుడు వాకిళ్లలో కూర్చుంటారు. కత్తిరించిన ఆకు చాటలో కాస్త కదిలితే చాలు, మన ఒంటికి ఇంకా గాలి తగలక ముందే, చాటలెత్తుకుని లోపలికి పోతారు. మరి కాసేపటికి గాలి వస్తుంది. ఇది కనిపెట్టింది ముత్యమే. వాకిళ్లు నిండితే లోడు తగ్గించేవాడు, ఖాళీ అయితే పెంచేవాడు.

ఆడవాళ్లకు ఈ సంగతి తెలిసి నవ్వుకునేవారు. వరుసలో పెద్దది లింగవ్వ. ఆమె ముత్యం భార్యను ఊరుకోనిచ్చేది కాదు.

"బాలవ్వా, నీ పెనిమిటి పొద్దుమాపు మా దిక్కే చూస్తుండు. మాకు కరెంటు వెడుతుండా, కన్ను వెడుతుండా?"

"మీ మొఖాలు చూసే లోడు తగ్గిస్తుండట అక్కా," అనేది బాలవ్వ, బీడీకి దారం చుడుతూనే.

1988లో బీడీల సంఘం వచ్చింది. బాలవ్వ అందులో చేరింది. ముత్యానికి అది గిట్టలేదు. ఉద్యోగస్తుడి భార్య జెండా పట్టి తిరిగితే పైవాళ్లు ఏమనుకుంటారో అని భయం. "ఇంట్ల సంఘం ముచ్చట ఎత్తకు. నాకు జెప్పకు, నేను ఇనను," అన్నాడు. ఆమె నిజంగానే చెప్పడం మానేసింది.

ఆ ఏడు రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం పై ఇంజనీరు, ఏఈ సారు, ఫోన్ చేశాడు. కోరుట్ల వైపు లైను తెగిందట.

"అటు ఊళ్ల లోడు మీ లైన్ మీద ఏస్తున్నం. మోస్తదా ముత్యం?"

ముత్యం కిటికీలోంచి చూశాడు. ఒక్క వాకిట్లో కూడా మనిషి లేడు.

"మోస్తది సార్. గాలి లేస్తుంది."

మీటరు ముల్లు మెల్లగా పైకి పాకింది. ముత్యం ముంతెడు నీళ్లు తాగి కుర్చీలో వెనక్కి వాలాడు. అప్పుడే కాపలాదారు రాయమల్లు చాయ తీసుకుని వచ్చాడు. ముసలాయన అంగీ చెమటతో వీపుకు అంటుకుపోయింది.

"ఏం ఉక్కపోత బిడ్డా. చెట్టు మీద ఆకు గూడ కదుల్త లేదు."

"గాలి వస్తుంది కాకా. ఆడోళ్లు లోపలికి పోయిన్రు గద."

"లోపలికెక్కడ? ఇండ్లకు తాళాలేసి కార్ఖానకు పోతున్రు. కార్ఖానోళ్లు పాడైన ఆకు ఇస్తుండ్రని సమ్మె. కాలువ కట్ట మీదికెల్లి ఊరేగింపు. నీ ఇంటామెనే ముందల జెండ వట్టింది, నీకెర్క లేదా?"

ముత్యం చాయ గ్లాసు కింద పెట్టాడు. "జెండ దేనికి కట్టిన్రు?"

"టీవీ ఆంటెనా పైపుకు. సర్పంచును అడిగి తెచ్చిన్రు. ఇంతెత్తున ఉంది."

గాలి లేదు. తీగ మీద రెండింతల లోడు ఉంది. అది కట్ట దగ్గర ఈపాటికి కిందికి జారుతూ ఉంటుంది. ఆ కింది నుంచి బాలవ్వ ఇనుప పైపు నిలబెట్టి నడుస్తోంది.

అతడు ఎవరినీ అడగలేదు. స్విచ్ గుంజేశాడు. గదిలో మోత ఆగిపోయింది. ఇటు ఊళ్లకూ అటు ఊళ్లకూ ఒక్కసారే కరెంటు పోయింది. వెంటనే ఫోన్ మోగడం మొదలుపెట్టింది.

"కాకా, నేనొచ్చేదాక గిది ముట్టకు. ఎవ్వరు చెప్పినా సరే."

"ఏఈ సారు చెప్తే?"

"ఎవ్వరు చెప్పినా ముట్టకు కాకా. నీ కాళ్లు మొక్కుత."

సైకిలెక్కి తొక్కుతుంటే వెనక ఫోన్ మోత వినిపిస్తూనే ఉంది. రాయమల్లు జన్మలో ఏ సారు మాటకూ కాదనలేదు. ఏఈ సారు గట్టిగా ఒక్క అరుపు అరిస్తే స్విచ్ వేస్తాడు. ఆ తలపుకు ముత్యం ఇంకా జోరుగా తొక్కాడు. అసలు తాను ఆపేసరికే అయిపోయిందేమో. కట్ట వైపు నుంచి ఏడుపులు వినిపిస్తాయేమోనని చెవులు అటే పెట్టాడు. ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దం ఇంకా భయపెట్టింది.

కట్ట ఎక్కేసరికి ఆడవాళ్లు నిలబడే ఉన్నారు. వెనకబడ్డవాళ్ల కోసం ఆగినట్టున్నారు. బాలవ్వ ముందర ఉంది. గాలి లేక జెండా గుడ్డ పైపుకు అతుక్కుని వేలాడుతోంది. పైపు కొస తీగకు ఆనుకుని ఉంది. ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా తీగ కూడా కాస్త ఊగుతోంది. ఆమె పైకి చూడనే లేదు.

ముత్యం సైకిలు పడేశాడు. "పైపు దించు," అన్నాడు.

మొగుడు తనను ఆపడానికే వచ్చాడనుకుంది బాలవ్వ. రెండు చేతులతో పైపును ఇంకా గట్టిగా పట్టుకుంది.

"దించ. నీ నౌకరి నీది, నా బీడీలు నాయి. ఇంటికి రాను."

"ఇంటికి రాకు. దించు."

"గింత మందిల నా ఇజ్జత్ తీస్తవా?"

లింగవ్వ ముందుకొచ్చింది. "ఏం కొడుకా, ఇన్నొద్దులు కిటికీల కెల్లి చూసినవ్, ఇయ్యాల ఎదురుంగనే వచ్చినవా?" ఆడవాళ్లు నవ్వారు. ముత్యం నవ్వలేదు. అతని మొహం చూసి వాళ్ల నవ్వు ఆగిపోయింది.

పైపు గుంజుకుంటే ఆమె పెనుగులాడుతుంది. అంతలో అక్కడ రాయమల్లు స్విచ్ వేస్తే ఇద్దరూ పోతారు. ముత్యం ఆమెకు అడుగు దూరంలో ఆగి రెండు చేతులు జోడించాడు.

"సంఘంల ఉండు బాలవ్వా. సమ్మె చెయ్యి. నేనేం అనను. జెండ పండవెట్టు, గంతే. నాకు భయమైతుంది. పైకి చూడు."

బాలవ్వ పైకి చూసింది. పైపును మెల్లగా వంచి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు కట్ట మీద పెట్టింది. తర్వాత ఇద్దరూ అక్కడే కూలబడ్డారు. బాలవ్వే ముందుగా అంది, "సమ్మె అని నీకు జెప్పకపోతి."

"చెప్పకుమన్నది నేనే గద."

లింగవ్వ పైపు కొస ఒకటి ఎత్తి భుజాన పెట్టుకుంది. రెండో కొస ఇంకొకామె పట్టుకుంది. ఊరేగింపు అడ్డంగా మోసిన జెండాతోనే కార్ఖానా దాకా పోయింది. మూడో రోజుకు కార్ఖానావాళ్లు మంచి ఆకు ఇస్తామని ఒప్పుకున్నారు.

రాయమల్లు స్విచ్ ముట్టలేదు. ఫోన్ తీసి పక్కన పెట్టేసి, చెవులు మూసుకుని మూలన కూర్చున్నాడట. సాయంత్రం ఏఈ సారు జీపులో వచ్చాడు. చెప్పకుండా లైను ఎందుకు ఆపావన్నాడు. ముత్యం ఏమీ దాచలేదు. గాలి అంచనా తప్పిందని, తప్పు తనదేనని చెప్పాడు. ఏడాది ఇంక్రిమెంటు పోయింది.

ముత్యం అంతటితో ఊరుకోలేదు. కాలువ కట్ట మీద వెదురు పాతించి, దానికి పాత చీర పేలిక కట్టాడు. అప్పట్నుంచి కిటికీలోంచి ముందు పేలికను చూస్తాడు, తర్వాత వాకిళ్లు చూస్తాడు. రెండూ ఒక్కటే చెబితే తప్ప లోడు పెంచడు. సంఘం పోయే చోటల్లా బాలవ్వ ముందుగా చెప్పి పోతుంది. మూడు ఎండాకాలాల్లో ఒక్క తీగ తెగలేదు, ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. మన జిల్లాలో ఇంకెవరికైనా ఈ పేరుందేమో చూపమనండి.

ఈ ఏడు, 1991లో, ఆదిలాబాద్ జిల్లా వాళ్లు అతన్ని అడిగి పిలిపించుకున్నారు. ఉట్నూరు అడవిలోంచి పోయే లైను కింద ఎక్కడెక్కడ పేలికలు కట్టాలో చూపించాలట. అక్కడ బీడీల వాకిళ్లు లేవు, గాలి సంగతి చెప్పేవాళ్లు లేరు. తీగ కింది నుంచి సంతకు పోయే బండ్లు మాత్రం ఉన్నాయి. ఆ బండ్ల మాట మాతో చెప్పినప్పుడే అతని మొహం పాలిపోయింది. అయినా పోయాడు.

ఇక్కడ గాలి నిలిచిన మధ్యాహ్నాల్లో బాలవ్వ చాట ముందర కూర్చుని బీడీ చుట్టడం ఆపేస్తుంది. ఉత్తరం దిక్కు చూస్తుంది. "వస్తడు తీయ్, చల్లబడంగనే వస్తడు," అంటుంది లింగవ్వ. బాలవ్వ మాత్రం కట్ట మీది పేలిక కదిలితేనే మళ్లీ ఆకు అందుకుంటుంది.

ముత్యం తిరిగి రావలసిన రోజు ఇంకా రాలేదు: మృగశిర కార్తె ప్రవేశించే జూన్ ఎనిమిదో తేదీ, శనివారం.