యాదగిరి చెయ్యి, సెన్సర్ ముల్లు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ముఖం మీదే వెక్కిరించే రకం నేను. ఇప్పుడు కూడా నమ్ముతానని అనను. జరిగింది చెబుతాను, అంతే.

తెలంగాణ రాకముందు హైదరాబాద్ నాచారంలో ఒక చిన్న షెడ్డులో సూపర్‌వైజర్‌గా చేశాను. అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే సెన్సర్లు తయారుచేసేవాళ్లం. లేత్ మిషన్‌పై తిరుగుతున్న రాడ్డు మీద గన్‌తో కరిగిన నికెల్ చిమ్మాలి. పూత చల్లారాక తీగ చుట్టి మీటరుకు కలిపితే, అయస్కాంతం దగ్గరికి రాగానే ముల్లు లేస్తుంది.

గన్ పట్టేది నారపల్లి యాదగిరి. మంచి పనివాడే, కానీ మొండి ఘటం. గ్లౌజు తొడిగిన చేత్తో తిరిగే రాడ్డును తడిమి పూత ఎలా వచ్చిందో చూసేవాడు. గ్లౌజు చిక్కుకుంటే చెయ్యి పోతుందిరా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!

ఒక మధ్యాహ్నం నా ఓపిక చచ్చింది. స్ప్రే గదిలో మేమిద్దరమే. నోటికొచ్చినట్టు తిట్టాను.

"అమ్మను తిడ్తవా సారూ? జర నోరు అదుపుల పెట్టుకో!" అని కుడిచేత్తో నా కాలర్ పట్టి బిగించాడు.

ఊపిరాడక ఆ చేతిని పిడికిలితో గుద్దాను. నా కాలర్ వదిలేసి అది తిరుగుతున్న రాడ్డు మీద పడింది.

గ్లౌజు చుట్టుకుంది. చెయ్యి మెలికలు తిరుగుతూ మోచేయి దాకా పోయింది. ఎముకలు పటపటా విరిగిన చప్పుడు ఆ అరుపుల్లోనూ వినిపించింది. నేను స్విచ్ ఆపేసరికి నా ముఖమంతా వాడి రక్తమే.

ఓనర్‌తో "వాడే చెయ్యి పెట్టాడు" అన్నాను. వాడి అలవాటు అందరికీ తెలుసు. వాడు ఏం చెప్పినా వినకుండా నన్నే నమ్మారు. ఆ రాడ్డునే కడిగి, మళ్లీ పూత పూసి, సెన్సర్ చేసి నా టేబుల్ మీద పెట్టారు. ఛీ, పాపిష్టి పని!

మూడు నెలలకు యాదగిరి వచ్చాడు, ఖాళీ చొక్కా చెయ్యిని మడిచి పిన్ను పెట్టుకుని. టేబుల్ దగ్గర నిలబడగానే ముల్లు చివరికంటా పోయి కొట్టుకుంది. అయస్కాంతాలన్నీ దూరంగా బీరువాలో ఉన్నాయి. వాడి పిన్ను తీయించాను. మీటరు మార్చాను. అయినా కొట్టుకుంటూనే ఉంది.

"లేని చేతి వేళ్లు గుంజుతున్నయి సారూ. పిడికిలి ఇప్పిన అనుకుంటే జర తక్కువైతది" అని కళ్లు మూసుకున్నాడు. ముల్లు సున్నాకు దిగింది. మరుక్షణం మళ్లీ ఎగిరింది.

"ఇప్పుడేం చేశావ్?" అన్నాను.

"నీ కాలర్ పట్టిన."

ఓనర్‌ను పిలిచి, అందరి ముందూ నిజం చెప్పేశాను. వాడు చెయ్యి పెట్టలేదు, నేనే గుద్దాను అన్నాను. యాదగిరి వెక్కివెక్కి ఏడ్చాడు.

ముల్లు మాత్రం దిగలేదు. ఎందుకో నాకు ఈనాటికీ తెలియదు.