మా అత్తగారి చేతి మాటలు

మా అత్తగారు పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం కాఫీ తాగి, పెరట్లో కాకర పందిరి పక్కన కుర్చీలో కూర్చున్నావిడ అలాగే వెళ్లిపోయారు. తెనాలిలో నేను పాఠం చెప్పే బడికి మావారు ఫోన్ చేసి, "అమ్మ లేదే" అన్నారు.

అంగలకుదురులో మా ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్లలో చాలామంది మాకు తెలియనివాళ్లు. "మీకెలా పరిచయమండీ?" అని అడిగితే, "మా దగ్గర నేర్చుకున్నారండి" అనేవారు. రేపల్లె నుంచి వచ్చిన హార్మోనియం మాస్టారు ఆ మాటే అన్నారు. నిజాంపట్నం రేవు నుంచి చేపలమ్మే ఆవిడ వచ్చి, "మా గొప్ప శిష్యురాలండి, వల ముడి మాత్రం గట్టిగా పడేది కాదు" అని చెప్పి కళ్లు తుడుచుకుంది.

అవును, ఆవిడకు ముడి గట్టిగా పడేది కాదు. హార్మోనియం మీద పాట చివరిదాకా వచ్చేది కాదు. ఆ సంగతి ఆవిడే అందరికంటే ముందు చెప్పేవారు. రేపల్లె వైపు నగరం అనే ఊరి దగ్గర పల్లెలో రైతుల ఇంట పుట్టి, పెళ్లితో చదువు ఆగిపోయి ఈ ఊరొచ్చారు. దాని గురించి ఎవరి మీదా కోపం పెట్టుకోలేదు. పిల్లాడు పెద్దవాడై, పొలం కౌలుకిచ్చాక, ఏది చూసి ముచ్చటపడితే అది నేర్చుకోవడం మొదలుపెట్టారు. "పరీక్ష పెట్టేవాడు లేకపోతే చదువంత సుఖం ఇంకోటి లేదమ్మాయ్" అనేవారు నాతో.

చెల్లెల్ని చూడటానికి రేపల్లె వెళ్లినప్పుడు, నిజాంపట్నం రేవులో ఆ చేపలావిడ వల అల్లుతుంటే చూసి అక్కడే కూర్చుండిపోయారట. "మీకెందుకండీ అమ్మగారూ ఈ పని?" అంటే, "నీకొచ్చింది నాకు రాకూడదేంటమ్మా?" అన్నారట. ఆ చదువు ఫలితమే మా కాకర పందిరి మీద వల. ఎన్నిసార్లు జారిపోయినా విసుక్కోకుండా మళ్లీ కట్టేవారు. తర్వాత తమిళం మీద మనసు పడింది. ఫోన్లో విని విని నేర్చుకుని, ఒకసారి చెన్నై వైపు వెళ్లే రైల్లో ఎదురుగా కూర్చున్నాయన్ని తమిళంలో పలకరించారు. ఆయన ఓపిగ్గా అంతా విని, "మాది ఒంగోలండీ" అన్నాడు. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆవిడే ఎక్కువ నవ్వేవారు.

మామయ్యగారికి ఇవన్నీ పనికిమాలిన చదువులు. హార్మోనియం తీస్తే చాలు, "ఆ పెట్టె మూసెయ్యవే" అని కేకేసేవారు.

అలాంటి మనిషికి వినపడటం తగ్గిపోయింది. చెవిలో పెట్టుకునే మిషను కొనిస్తే, "తేనెపట్టు పెట్టుకున్నట్టుంది" అని తీసి బీరువాలో పడేశారు. టీ కొట్టు దగ్గర గంటలకొద్దీ కబుర్లు చెప్పే ఆయన ఇంట్లోంచి కదలడం మానేశారు. మేం గొంతు పెంచి మాట్లాడితే ముఖం చిన్నబుచ్చుకునేవారు.

"ఆయన తప్పేముంది?" అన్నారు అత్తయ్య ఒకరోజు. "తిన్నారా అని అరిచి అడిగితే తిట్టినట్టే ఉంటుంది కదమ్మాయ్. ప్రేమగా చెప్పే మాట కూడా అరిచే చెప్పాల్సొస్తోంది."

ఆ వారమే బాపట్ల రైలెక్కారు. అక్కడ టైలరింగ్ షాపు నడిపే భార్యాభర్తలిద్దరికీ పుట్టు చెముడు. చేతులతోనే మాట్లాడుకుంటారు. ఎప్పుడో జాకెట్లు కుట్టించుకోవడానికి వెళ్లి వాళ్లని చూశారట. వారం వారం వెళ్లి, మిషన్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఆ భాష నేర్చుకున్నారు. ఇంటికొచ్చి మిగతాది ఫోన్లో వీడియోలు చూసి దిద్దుకునేవారు.

మామయ్యగారికి చూపిస్తే మండిపడ్డారు. "నాకు వినపడదు గానీ మాట పడిపోలేదే! నలుగురూ చూస్తే నవ్వరూ?"

అత్తయ్య బతిమాలలేదు. నాకూ మావారికీ నేర్పడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం అందరం భోజనాలు చేస్తున్నాం. ఆవిడ చేతులతో ఏదో అన్నారు. మావారికి నవ్వాగక పొలమారింది. మామయ్యగారు తలెత్తారు.

"ఏంటి? నా గురించేనా?"

నేను గట్టిగా చెప్పబోతే అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన వైపు తిరిగి, పప్పు గిన్నె చూపించి, మళ్లీ అదే నెమ్మదిగా చేసి చూపించారు. ఆయన భృకుటి ముడేసి చూశారు. ఒక ముద్ద పప్పన్నం మళ్లీ నోట్లో పెట్టుకుని ఆలోచించారు.

"ఉప్పు వెయ్యలేదా?"

"వెయ్యలేదు. మీరు సగం తినేశారు" అన్నారు ఆవిడ, అడ్డంగా తలూపి, ఆయన కంచం చూపిస్తూ చేతులతోనే.

ఆయన ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! "ఉప్పుకి ఏం చేశావు? మళ్లీ చెయ్యి" అన్నారు. మామయ్యగారు నేర్చుకున్న మొదటి మాట ఉప్పు.

ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య ఇన్ని కబుర్లు ఎక్కడ దాగి ఉన్నాయా అనిపించేది. ఆయన గేటు దగ్గర నుంచుని, ఆవిడ వంటింటి కిటికీలోంచి, మధ్యలో ఎవరున్నా పట్టించుకోకుండా మాట్లాడుకునేవారు. పోట్లాటలు కూడా చేతులతోనే. ఒకసారి ఆవిడ మాట వినడం ఇష్టం లేక ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆవిడ తాపీగా కుర్చీ తీసుకెళ్లి ఆ గోడకే ఆనించి వేసుకుని, ఆయనకెదురుగా కూర్చుని, మిగతాది పూర్తిచేశారు. హార్మోనియం కూడా హాయిగా బయటికొచ్చింది. "ఇప్పుడు మీకేంటి బాధ?" అని చేతులతో అడిగితే, "ఇరుగుపొరుగు గురించే నా బాధ" అనేవారాయన.

ఆవిడ పోయాక ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చుట్టాలు చెవి దగ్గర అరిచి ఓదారుస్తుంటే కళ్లు మూసుకునేవారు. పెద్దకర్మ రోజున బాపట్ల నుంచి టైలర్ దంపతులు వచ్చారు. ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. టైలరు భార్య చేతులతో ఏదో అడిగింది. ఆయన చేతులు మెల్లగా ఒళ్లోంచి లేచాయి. చెబుతూ చెబుతూ, అప్పుడు ఏడ్చారు.

మొన్న పొద్దున్నే చొక్కా మార్చుకుని, "బాపట్ల వెళ్లొస్తానమ్మా" అన్నారు. ఎందుకని సైగ చేశాను.

"మీ అత్తయ్య తనకొచ్చినంతే చెప్పింది. ఇంకా బోల్డు మాటలున్నాయంట."

తెనాలి స్టేషన్లో రైలెక్కించాను. సమోసాలమ్మేవాళ్ల కేకలు, మైకు, జనం. కిటికీ పక్కన కూర్చుని ఆయన చేత్తో ఏదో అన్నారు. అత్తయ్య నేర్పిన మాటల్లో అది లేదు; పెద్దకర్మ రోజున టైలర్ దంపతుల దగ్గర నేర్చుకున్నదే అయ్యుండాలి. ఏంటని అడిగాను. ఆయన నవ్వి, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా మళ్లీ చేశారు. నాకు అర్థం కాలేదు. రైలు కదిలింది. కిటికీ ఊచల్లోంచి బయటికి చాపిన ఆ చెయ్యి, ప్లాట్‌ఫాం చివరిదాకా ఆ మాటే చెబుతూ పోయింది.