రాజారత్నంగారి గడ్డి మిషను

మా పక్కింటి రాజారత్నం చిత్తూరు కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమున్నన్నాళ్లూ జడ్జిగారి బంగళాకు ఫైళ్లు మోశాడు. బంగళా ముందు పచ్చిక, దాని మధ్య కుర్చీలో జడ్జిగారు. ఈయన పచ్చిక తొక్కకుండా అంచున కంకరమీద నిలబడి పిలుపు కోసం కాచుకునేవాడు. మోకాళ్లు అక్కడే అరిగిపోయాయని చెప్పుకునేవాడు, అదీ గొప్పగా.

రిటైరయ్యాక ఆయనకు ఒకటే కోరిక. తన ఇంటి ముందూ పచ్చిక పెంచాలి, జడ్జిగారిని పిలిచి, దానిమీద ఆయన పక్కన కుర్చీ వేసుకుని తానూ కూర్చోవాలి. తీరా చూస్తే ఆ జాగాలో రెండు మంచాలు వేస్తే మూడోదానికి చోటు లేదు. భార్య చంద్రకాంతమ్మ పెంచుకుంటున్న వంకాయ చెట్లు పీకించి గరిక నాటించాడు. పాపం, ఆవిడ పీకిన చెట్లనుంచి పిందెలు ఏరుకుంది. మా ఆవు ఆ గేటువైపు తల తిప్పితే చాలు, కర్ర పట్టుకుని వచ్చేవాడు. నాకు ఒళ్లు మండేది.

గడ్డి కోసే తోపుడు మిషను కొనడానికి నన్ను తోడు తీసుకుని బెంగళూరు బస్సెక్కాడు. అంగడాయన చిన్నది చూపించి, మీ జాగాకు ఇది చాలన్నాడు. రాజారత్నం దాన్ని సిమెంటు నేలమీద తోసి, చెవొగ్గి విని, పెదవి విరిచాడు. అన్నిటికంటే పెద్దదాన్ని తోశాకగానీ ఆయన ముఖం విప్పారలేదు.

"ఇదేనప్పా ఏకాంబరం. బంగళాలో ఇదే సద్దు వస్తా ఉండె."

"సద్దు కోసరం కొంటారా అన్నా? మీ జాగాలో ఇది తిరిగేదెట్లా?"

"నీకేం తెలుసు, ఊరుకో."

ఇంటికి తెచ్చాక రెండడుగులు తోస్తే గోడ. ఎత్తి తిప్పడానికి ఒకవైపు ఆయన, ఇంకోవైపు చంద్రకాంతమ్మ.

రిటైరై పలమనేరులో ఉంటున్న జడ్జిగారిని దసరా నవమినాడు టీకి పిలిచాడు. కోర్టు గుమాస్తాకు సెలవుకంటే మంచిరోజేముంది? ఆ ఉదయమే కోస్తే తాజాగా కనిపిస్తుందని అంతవరకు గడ్డి ముట్టలేదు. వానలకు అది ఏపుగా పెరిగింది.

నవమి పొద్దున ఆయన స్నానం చేసి వచ్చేసరికి మిషనుకు గంధం, కుంకుమ, బంతిపూల మాల. ఆయుధపూజ సంగతే మరిచాడు మహానుభావుడు. కొడవలి, కత్తెర కూడా దాని పక్కనే చేర్చి చంద్రకాంతమ్మ హారతి ఇచ్చేసింది. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజుకు కదపకూడదు.

"ఒక్కసారి తోసి మళ్లీ ఈడే పెట్టేస్తా మే."

"నా వంకాయ చెట్లు పీకినప్పుడు ఊరుకున్నా. దేవుడికాడ ఊరుకోను."

కాసేపటికి మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఏకాంబరం, నీ ఆవు యాడుండాది?"

"ఎందుకన్నా, కర్ర తెచ్చినారా?"

"పరువు పోతాదప్పా. రవంతసేపు తోలుకొని రా."

తోలుకుపోయాను. మిషను తిరగని మూలల్లో కూడా మా ఆవు తిరిగింది, శుభ్రంగా మేసింది. పేడ మాత్రం నేనే ఎత్తాను.

సాయంత్రం జడ్జిగారు వచ్చి, "చక్కగా కోయించారే, ఏ మిషను?" అన్నారు. రాజారత్నం మాల వేసిన మిషను చూపించాడు. గోడకివతల నేను నవ్వాపుకోలేక దగ్గాను. జడ్జిగారు పచ్చికమీది కుర్చీలో కూర్చుని, పక్క కుర్చీ చూపించి, కూర్చోమన్నారు.

"పర్వాలేదు సార్" అంటూ రాజారత్నం పచ్చిక అంచున గట్టుమీదే ఆగిపోయాడు. ఒక కాలు పచ్చికమీద మోపబోయి వెనక్కి తీసుకున్నాడు. జడ్జిగారు మళ్లీ చెప్పలేదు. ఆయన టీ తాగి వెళ్లిపోయేదాకా ఈయన నిలబడే ఉన్నాడు. నాకు నవ్వు పోయింది.

కారు మలుపు తిరిగాక చంద్రకాంతమ్మ వచ్చి జడ్జిగారు చూపించిన పక్క కుర్చీలో కూర్చుంది. రెండోది చూపించి, "ఇట్లొచ్చి కూసోండి. ఇది మన ఇల్లే గదా" అంది.

రాజారత్నం ఖాళీ గ్లాసులు పట్టుకుని గట్టుమీదే నిలబడి ఉన్నాడు.

"జడ్జిగారి కుర్చీలో నేనెట్లా కూసుంటా మే?"

ఆ కుర్చీ పొద్దున మా ఇంట్లోంచి అడిగి తెచ్చుకున్నదే.