తుప్పు రంగు పట్టాలు

కిటికీలకు రంగులు వేయిస్తుంటే టర్పెంటైన్ వాసనకు నాన్న గుర్తొచ్చారు. భీమడోలు దగ్గర రైలు పట్టాల వెంట నడుస్తూ వాటిని సరిచూసే కీమ్యాన్ ఆయన. నాకు ఏడేళ్లప్పుడు ప్రమాదంలో ఆయన కాలు పోయింది. ఆ ఏడాది మంచం మీదే కూర్చుని, నా బొమ్మ రైలు పట్టాలకు తుప్పు రంగు వేయడం మొదలుపెట్టారు.

"కొత్తవాటిని పాడుచేసేస్తున్నారేంటండీ నాన్నగారూ?" అని ఏడ్చాను.

"పాడుచేయట్లేదమ్మా. పక్కలంతా తుప్పు, పైన మాత్రం మెరుపు. నిజం పట్టా ఇలాగే ఉంటుంది," అంటూ పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్ల మీద నూనె మరకలు కూడా దిద్దారు.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా, ఇంటి గేటుకు వేయగా మిగిలిన వెండి రంగు ఆ పట్టాలన్నిటికీ పూసేశాను. లేచి ఒక పట్టా ముక్కను చేతిలోకి తీసుకుని చూశారు.

"బాగుందమ్మా," అన్నారు. మళ్లీ కుంచె పట్టలేదు.

ఇక ఎన్నటికీ నడవలేని దారిని ఆయన మంచం మీద పరుచుకుంటున్నారని నాకు అర్థమయ్యేసరికి, ఆ మాట చెప్పుకోవడానికి ఆయన లేరు.